వాకిట్లో జాన్‌బీ పరుగు

అది ఎనభై ఆరో సంవత్సరం. అద్దంకికి బస్సులో అరగంట దూరంలోని ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా నాకది రెండో ఏడు. మిరపకోతలు మొదలయ్యాక తల్లులంతా చేలకు వెళ్ళిపోయేవారు. సెంటరుకు రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం మా పనిలో భాగం. దాన్ని హోమ్ విజిట్ అనేవాళ్ళం.

అలా వెళ్ళినప్పుడే జాన్‌బీని చూశాను. నాలుగేళ్ళ పిల్ల. నడుముకు పాత చీర పేలిక చుట్టి, రెండో కొసను వసారా గుంజకు కట్టేశారు. తండ్రి పరుపులు కుట్టేవాడు, తల్లి సైదాబీ కోతకు వెళ్ళేది. పిల్లను చూసుకునేది నాయనమ్మ మస్తానమ్మ. వయసుకు తగ్గ బరువుందో లేదో చూపే గ్రోత్ చార్టులో జాన్‌బీకి లోటేమీ లేదు. కానీ కట్టు విప్పి నడిపిస్తే పదడుగులకే కూలబడింది.

"పసిదాన్ని దూడను కట్టేసినట్టు కట్టేస్తారా?" అన్నాను.

"నువ్వొచ్చి కాస్తావా? పో టీచరమ్మా" అని మస్తానమ్మ నా మొహం మీదే తలుపేసింది.

సైదాబీని ఒప్పించి పిల్లను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. "పోలియో కాదు. జబ్బేమీ లేదు. ఆటపాటలు లేక కాళ్ళకు బలం రాలేదు. రోజూ ఆడించండి" అన్నారు డాక్టరుగారు. తిరిగొస్తుంటే సైదాబీ మెల్లగా చెప్పింది. "దీనికి ముందు ఒకడుండేవాడండీ. వాకిట్లోంచి రోడ్డు మీదికి ఉరికాడు. పత్తి లారీ వచ్చింది. మా అత్త కళ్ళముందే..."

మర్నాడు మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను.

"అవ్వా, మొన్న తెలియక మాట తూలాను. రోడ్డు వైపు తడిక మూసి తాడేద్దాం. పిల్ల బయటికి పోదు. ఈ వాకిట్లోనే ఆడిద్దాం. నీ చిన్నప్పుడు ఏమాడేదానివి?"

మస్తానమ్మ వెళ్ళి తడికను రెండుసార్లు లాగి చూసింది. చివరికి, "తొక్కుడుబిళ్ళ. మా వీధిలో నన్ను గెలిచినోళ్ళు లేరు" అంది.

పుల్లతో గళ్ళు గీసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి ఒంటికాలి మీద రెండు గళ్ళు గెంతి, గోడ పట్టుకుంది. జాన్‌బీ పకపకా నవ్వింది. ఆ సాయంత్రం తండ్రి మిగిలిన దూదితో గుడ్డబంతి కుట్టిచ్చాడు. సగం నింపిన పరుపు పరిచి పిల్లిమొగ్గలు నేర్పాడు. మొదటివారం కాళ్ళు నొప్పులని పిల్ల ఏడిస్తే, మస్తానమ్మ నూనె రాసి, కాసేపు ఆపి, మళ్ళీ ఆడించింది.

కోతలు ముగిసేసరికి జాన్‌బీ వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతోంది. "జేజీ, పట్టుకో!" అంది నాయనమ్మతో.

"నా వల్ల కాదే" అంటూ మస్తానమ్మ ఆయాసంతో కూలబడింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "వాడూ ఇట్టాగే ఉరికేవాడమ్మా" అంది. ఆ పిల్లవాడి గురించి ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

తల్లుల సమావేశంలో ఇంట్లో ఆడించే ఆటల గురించి చెప్పాల్సి వస్తే ఆ తర్వాత మస్తానమ్మనే పిలిచేదాన్ని. నాకు మాత్రం ఒకటి అలవాటైంది. ఏ ఇంటికెళ్ళినా ఇలా చేయండని చెప్పేముందు, దేనికి భయపడుతున్నారని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కూర్చుంటాను.