కొనక తప్పని రోజు

మా మేనమామ పోయాడని పోయిన ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, డాక్టరు చూశాడా అని అత్తను రెండుసార్లు అడిగాను. అలా అడగడం నాకు నేర్పింది ఆయనే.

ఆయనది పెళ్లిచీరల అంగడి. ఎవరైనా ఊరికే కాఫీ ఇప్పిస్తే, తాగేశాక కూడా వాళ్లవంక అనుమానంగా చూసేవాడు. జమ్మలమడుగు బస్సు ఎక్కితే బోర్డు చదివి, కండక్టరును అడిగి, మళ్లీ పక్క సీటాయన్ను అడిగి గానీ కూర్చునేవాడు కాదు. మేం నవ్వుకునేవాళ్లం.

పులివెందుల దగ్గర మా చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతున్న ఏడు అది. కొత్త బోరు వేయించడానికి డబ్బు సిద్ధం చేసుకున్నాను. అంతలో నా దగ్గరున్న ఒక కంపెనీ షేరును మార్కెట్లో పెద్ద కంపెనీల జాబితా అయిన సూచీలో చేరుస్తున్నారని ప్రకటన వచ్చింది. ధర రోజూ ఎక్కుతోంది. బోరు డబ్బు కూడా అందులోనే పెట్టి, రెట్టింపయ్యాక తోట సంగతి చూద్దామనుకుని, ఆ మాట చెప్పడానికి అంగడికి వెళ్లాను.

కంపెనీ కొత్తగా ఏం చేసిందని మామ అడిగాడు. ఏమీ లేదన్నాను. మరి ఎవరు కొంటున్నారన్నాడు. సూచీలో ఏ షేర్లుంటే అవే కొనిపెట్టుకునే ఫండ్లుంటాయనీ, చేరే రోజున అవి ఎంత ధరైనా కొనాల్సిందేననీ చెప్పాను. మామ మడతపెడుతున్న చీర పక్కన పెట్టాడు.

"రేపు ముహూర్తం పెట్టుకొని ఈ పొద్దు చీరకొచ్చినోనికి నేనెప్పుడన్నా రేటు తగ్గించినానా అల్లుడా? నీ ఫండ్లోళ్లు వస్తారని తెలిసి ముందే సరుకు పట్టి పెట్టుకున్నోళ్లు ఉంటారు. నువ్విప్పుడు కొంటాండేది ఆళ్ల దగ్గర. కొనక తప్పనోళ్లు వచ్చిన పొద్దు నువ్వు అమ్మే పక్క నిలబడు."

నా బాగు చూడలేక అంటున్నాడేమోనని నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. అయినా తోట కళ్లముందు మెదిలి, షేరు సూచీలో చేరే రోజు మధ్యాహ్నం ఉన్నవన్నీ అమ్మేసి, బోరు డబ్బు బోరుకే పెట్టాను. తర్వాతి వారాల్లో ధర కొంత జారింది. ఆ సంగతి చెబితే మామ సంతోషించలేదు. ఇప్పుడు దాన్ని ఎవరు, ఎందుకు దించుతున్నారో కనుక్కోమన్నాడు.

మా తోటను కాపాడింది ఆయన అనుమానమే. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే, ఎందుకంటున్నావని అడిగేవాడు. ఇక నన్ను అలా నిలదీసేవాళ్లు లేరు. అది తలచుకుంటే ఏడుపొస్తోంది.

ఆ ఏడు బోరులో నీళ్లు పడ్డాయని మామకు ఫోన్ చేస్తే, "రేపు గూడా వస్తే అప్పుడు చెప్పు" అని పెట్టేశాడు. మరుసటి రోజు మొదటి బస్సుకు తానే వచ్చి, నేను వెళ్లేసరికే తోటలో ఉన్నాడు. చీనీ చెట్ల పాదుల్లోకి నీళ్లు పారుతున్నాయి. మామ చెప్పులు గట్టున విడిచి, తెల్లపంచె అంచు బురదలో తడుస్తున్నా జరగకుండా, కాలువ మధ్యలో ఊరికే నిలబడి ఉన్నాడు.