మేనల్లుడి సమక్షంలో

మా ఆఫీసులో ఆమెను అందరం ఆరా అక్క అంటాం. దిక్కులేని ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, మతి నిలకడ లేనివాళ్లు సొంతవాళ్ల చేతుల్లోనే నలిగిపోకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఏ ఇంటికి వెళ్లినా ముందు వంటింట్లోకి తొంగిచూస్తుంది, మందుల సీసా ఊపి చూస్తుంది. నేను టైపిస్టుని. ఆమె తీసిన కూపీలన్నీ నా వేళ్ల మీదుగానే కాగితమెక్కుతాయి.

ఒకసారి ఎవరో ముసలాయన్ని ఇంటివాళ్లని అడక్కుండా తీసుకొచ్చేశామని కోర్టు మాకు గడ్డి పెట్టింది. అంతే, మా పెద్దసారు బెంబేలెత్తిపోయి ఒక లాయరుగారిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ మహానుభావుడు పెట్టిన మొదటి రూలు ఇది: బాధితుల్ని ప్రశ్నించేటప్పుడు ఇంటివాళ్లు ఒకరు పక్కనే ఉండాలి, సాక్షి సంతకం చెయ్యాలి. కొట్టినవాడే అయినా సరే. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది. అప్పటినుంచి ఊళ్లో ముసలివాళ్లందరూ "బాగానే ఉందమ్మా" అంటూనే ఉన్నారు. మా రిపోర్టులు చదివితే స్వర్గం కూడా సిగ్గుపడాలి.

అలాంటి రోజుల్లో ఒక పెద్దావిడ కేసు వచ్చింది. మేనల్లుడు పనికి పోతూ ఆమెను గదిలో పెట్టి బయట గొళ్లెం వేస్తున్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. అక్క వెళ్లేసరికి గొళ్లెం వేసే ఉంది. తీస్తే లోపల ముక్కు బద్దలయ్యే కంపు, ఆవిడ మణికట్టు కమిలి నల్లబడి ఉంది. అక్క ఇక రూలూ గీలూ చూడలేదు. ఆవిడని బండెక్కించి తిన్నగా ఆఫీసుకు తెచ్చేసింది.

లాయరుగారికి ముచ్చెమటలు పోశాయి.

"ఏంటమ్మా ఈ పని? ముందు ఆ మేనల్లుడిని పిలిపించండి. బాగానే ఉందని ఆవిడ అంటే సాయంత్రానికల్లా దిగబెట్టి రావాలి. మాట పొల్లుపోకుండా రాయాలి, రేపు కోర్టులో నిలబడేది నేను."

"ఆ గదిలోకే దిగబెట్టాలా సార్?" అంది అక్క.

"రూలు రూలే."

మేనల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అత్త కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. ఎక్కడలేని ప్రేమ ఒలికిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"చెప్పండి పెద్దమ్మా, ఇంట్లో మీకెలా ఉంది?" అన్నారు లాయరుగారు.

ఆవిడ భుజం మీది చేతిని ఓసారి చూసుకుంది.

"వీడిక్కడ నిలబడి ఉన్నంతసేపూ బాగానే ఉందని రాసుకోండి నాయనా."

లాయరుగారు హమ్మయ్య అనుకుని నా వైపు తిరిగారు. "బాగానే ఉందట. టైపు చేసెయ్యండి."

అక్క నా మిషను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "పొల్లుపోకుండా అన్నారు కదా సార్. ఆవిడన్నది మొత్తం చెయ్యమనండి. ముందు ముక్క ఎవరు మింగేశారని కోర్టులో అడిగితే మీరే నిలబడాలి."

నేను లాయరుగారు ఊఁ అనేదాకా ఆగలేదు. ఒక్కో అక్షరం కావాలనే గట్టిగా కొట్టాను. కింద సాక్షిగా మేనల్లుడు సంతకం పెట్టక తప్పలేదు.

ఆ కాగితం చదివి జడ్జిగారు పెద్దావిడని వేరే చోట ఉంచమన్నారు. ఆవిడ మళ్లీ ఆ గది మొహం చూడలేదు.

వారం తిరక్కుండా అక్కకి మెమో వచ్చింది, ఇంటివాళ్ల అనుమతి లేకుండా గొళ్లెం తీసినందుకు. అదీ నా చేతే టైపు చేయించారు.