బాల్టీ దొరకు పన్ను వాపసు

నమ్మేవాళ్లు కూర్చోండి. నవ్వేవాళ్లు చాయ్ తాగేసి వెళ్లిపోండి, నాకేం నష్టం లేదు. నేను దయ్యాల కథలు చెప్పే రకం కాదు. చెప్పేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మంట. కానీ ఇది నా కళ్లముందు జరిగింది... నా సొంత దుకాణంలో. మా అమ్మ మీద ఒట్టు.

మా కార్వాన్ బస్తీలో నాకు నెట్ సెంటర్ ఉండేది. రెండువేల ఐదో, ఆరో. ప్లైవుడ్ అరలు, అరకో పరదా, మూలుగుతూ తిరిగే ఒక ఫ్యాను. గల్లీలో సగం మందికి మెయిల్ తెరిచిపెట్టింది నేనే. పాస్‌వర్డ్ కూడా నా దగ్గరే వదిలి పోయేవాళ్లు, పక్కింట్లో తాళంచెవి ఇచ్చి పోయినట్టు.

ఆ రోజుల్లో ఒక దొంగ మెయిల్ తెగ తిరిగేది. మీకు ఇన్‌కం ట్యాక్స్ వాపసు వచ్చింది, ఏటీఎం కార్డు నంబరు, పిన్ను పంపండి, ఈ రోజే ఆఖరు. థూ... ఎంత సిగ్గులేని ముఖాలు! పైన సర్కారు ఆఫీసు పేరు, చూస్తే ఊరూ పేరూ లేని ఫ్రీ మెయిల్ అడ్రసు. ఆ ఇంగ్లిష్ కన్నా మూడో తరగతి పిల్లలు రాసేది నయం. తీసుకున్న పైసను తిరిగి ఇవ్వడానికి సర్కారు ఎన్నడైనా తొందరపడిందా? పిన్ను అడిగే ఆఫీసు ఈ లోకంలో ఉందా? అయినా పడేవాళ్లు పడుతూనే ఉండేవాళ్లు. అందులో చదువుకున్నవాళ్లే ఎక్కువ. బుర్రలో గుజ్జుంటే కదా!

ఆ రాత్రి వాన. దుకాణం కట్టేసే వేళకు మల్లయ్య కాక వచ్చాడు. ఆయనది పాల వ్యాపారం, మా ఇంటి వెనకే బర్రెల కొట్టం. భార్య యాదమ్మ పోయి రెండేళ్లు. పిల్లలు లేరు. దుబాయిలో ఉన్న మేనల్లుడు ఫొటోలు పంపుతానన్నాడట, ఒక మెయిల్ తెరిచిపెట్టమన్నాడు. రేషన్ కార్డు మీదున్న పేరు కొట్టి తెరిచాను. ఆ అడ్రసు మేనల్లుడికి కూడా ఇంకా చెప్పలేదు... ఎవ్వరికీ చెప్పలేదు.

చిట్టీ మీద అడ్రసు రాసిస్తున్నాను. తెర మీద ఏదో కదిలింది. ఒక మెయిల్.

అప్పుడే తెరిచిన డబ్బాలోకి మెయిలా? నొక్కాను. అదే... పన్ను వాపసు. నాకు నవ్వాగలేదు. జన్మలో పైసా పన్ను కట్టని మనిషికి వాపసట! కాకను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ దొంగ ముఖాలను వెక్కిరిస్తూ గట్టిగా చదివాను. డియర్ తర్వాత పేరుంది. మల్లయ్య అని కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో... బాల్టీ దొర. ఈ గాడిదలకు మనిషి పేరు కూడా రాయరాదని పగలబడి నవ్వాను.

కాక నవ్వలేదు.

ఫ్యాను కిర్రు... కిర్రు... బయట రేకుల మీద వాన. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. ఈసారి నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

"మీ చిన్నమ్మ నా పేరు తియ్యకపోయేది" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. "పొద్దుమాపు పాల బాల్టీ పట్టుకొని తిరుగుతుంటినని గిట్ల పిలుస్తుండె. గట్ల పిలుసుడు గూడ తలుపేసుకున్నంకనే... ఒక్కలు గూడ ఇనలే బిడ్డా."

చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. ఏటీఎం కార్డు తీశాడు. ఆయన ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానికి పొర కమ్మింది. ఆపరేషన్ కోసం రెండు బర్రెలమ్మి దాచిన డబ్బంతా ఆ కార్డు ఖాతాలోనే ఉంది. నంబరు కొట్టమన్నాడు. యాదమ్మ అడుగుతోందట.

నాకు భయమూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"సచ్చిపోయిన మనిషికి పిన్ను నంబరెందుకు కాకా?" అన్నాను.

కరెంటు పోయింది.

గల్లీ అంతా చీకటి. యూపీఎస్ మొదలుపెట్టింది... కీక్... కీక్... తెర ఒక్కటే వెలుగుతోంది. ఆ వెలుతురులో కాక ముఖం తలుపు వైపు తిరిగింది. ఎవరో పిలిస్తే తిరిగినట్టు. నాకేం వినపడలేదు. వానే తప్ప ఏమీ వినపడలేదు. కానీ కాక జవాబిచ్చాడు. లోపలి గదిలోంచి పెళ్లాం పిలిస్తే పలికినట్టు, కాస్త విసుగ్గా, చనువుగా...

"ఆఁ... ఇస్తున్న."

యూపీఎస్ వైరు పట్టుకుని పీకేశాను. తెర ఆరిపోయింది. ఆ చీకట్లోనే కాక చేతిలోంచి కార్డు లాక్కున్నాను. ఆయన వానలో తడుస్తూ వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చాక బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాను. ఆ మెయిల్ ఉన్నదున్నట్టు బ్యాంకుకూ పన్ను ఆఫీసుకూ పంపించి, ప్రింటు తీసుకుని పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు పోయాను. పైసలు పోయాయా అని అడిగాడు కంప్లైంట్లు రాసుకునే రైటర్. పోలేదన్నాను. మరింకేం లొల్లి భాయ్, పొమ్మన్నాడు. పోయాక రావాలట! కొంప కాలాక బావి తవ్వే బాపతు. నేను కదల్లేదు. కంప్లైంట్ తీసుకుని ముద్ర వేసేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

ఆ పేరు ఎలా వచ్చిందో ఎంతమందిని అడిగానో. కంప్యూటర్లో వైరస్ అన్నాడొకడు. కాకే ఎక్కడో నోరు జారి ఉంటాడన్నాడు ఇంకొకడు. అన్నీ తెలిసినట్టు మాట్లాడే వెధవలు! ప్రింటులో మాత్రం ఆ పేరు అలాగే ఉంది.

ఆ డబ్బుతోనే కాక కంటికి ఆపరేషన్ అయింది. బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి పోయాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. కంటికి కట్టు. నా గొంతు విని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"బతికినన్ని దినాలు అది నన్ను ఒక్కటి అడగలే" అన్నాడు. "సచ్చినంక ఒక్కపారి అడిగింది. నువ్వు పోయి పోలీసోళ్లకు చెప్పినవ్."

అది దొంగల పనే కాకా అని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను.