వదిన చేతివాసి

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోశాను. పిల్లల్ని, నీళ్ల బిందెల్ని, కట్టెల మోపుల్ని మోసిన నడుమే ఇది. ఇంత బరువు దేనికీ లేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మావాళ్లు సముద్రం దాటి కూలికొచ్చిన బాగన్ దాతుక్ కొబ్బరితోట నుంచి కొండమీది దొర బంగళాకి తోటపనికి వెళ్లాం, నేనూ, మా అన్న భార్య పైడమ్మ వదినా. దొరసాని తన దేశం నుంచి హెల్లిబోర్ మొక్కలు తెప్పించింది. వాటి పువ్వులు కొత్తకోడళ్లలా తల వంచుకుని పూస్తాయి. నాటడానికి వదిననే పిలిచారు. మావాళ్లలో ఆమె చేతివాసికి అంత పేరు. ఎవరింట పసుపు వేసినా, ఆనప పాదు పెట్టినా మొదటి చెయ్యి ఆమెదే.

వానలకు ఆకుల మీద నల్లమచ్చలు పడ్డాయి. మచ్చ ఉన్న ఆకు తెంపి కాల్చాలి, ఎరువు గుంటలో మాత్రం వేయకూడదు అని దొరసాని మా కూలీల మీద పెత్తనం చేసే కంగాణి చేత చెప్పించింది. ఆ పని నాది. తడి ఆకు అంటుకోలేదు. పొగకు కళ్లు మండాయి. ఆకు కుళ్లితే మట్టికి బలమే కదా అనుకుని గుంటలో పారేశాను. కొన్నాళ్లకు ఆ ఎరువే తెచ్చి, పసుపుకు ఎగదోసినట్టు, మొదళ్లు మూసుకుపోయేలా ఎగదోశాను. బాగా చేశానని మురిసిపోయాను కూడా. మచ్చలు తోటంతా పాకాయి. మొదళ్లు కుళ్లాయి.

కంగాణి వచ్చాడు.

"ఏటైంది ఈ మొక్కలికి? ఎవలు సేసినారు?"

"నాటింది వదినే. ఆ సెయ్యి మంచిది కాదేమో" అన్నాను.

వదిన నా పక్కనే ఉంది. తన అరచేతుల వంక చూసుకుంది.

భయమా? ఓర్వలేనితనమా? పని పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ భయపడ్డ మనిషి తెలీదని ఊరుకోవచ్చు కదా, మరి ఆ మాటే నా నోటికి అంత సిద్ధంగా ఎలా వచ్చింది?

వదినను గడ్డికోతకు పంపేశారు. దొరసాని మచ్చల ఆకులు కాల్పించి, మొదళ్ల మీది ఎరువు తీయించింది. కొన్ని మొక్కలు మళ్లీ చిగిర్చాయి. వదిన నాటిన వేళ్లే అవి. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ తర్వాత గింజ పెట్టమని ఆమెను ఎవరూ పిలవలేదు. లోకం సంగతి అటుంచండి, ఆమె కూడా నమ్మింది.

నాకు కూతురు పుట్టినప్పుడు ఎత్తుకోమని అందించాను. వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఒద్దమ్మా. పచ్చని మొక్కలే మాడిపోనాయి. పసిగుడ్డుని ముట్టుకుంతానా?"

పిల్లను మళ్లీ నా ఒళ్లోకే తీసుకున్నాను.

వదిన పోయి ఏళ్లయింది. చెప్పుకున్నంత మాత్రాన తప్పు పోదని నాకు తెలుసు. అయినా ఈ పూట ఊపిరి కాస్త ఆడుతోంది. ఆకులు గుంటలో వేసింది నేను. ఎరువు ఎగదోసింది నేను. నీ చెయ్యి మంచిదే వదినా. నా పిల్లను నువ్వు ఎత్తుకోవాల్సింది.