ఆపదలన్నీ నా స్కూటరుకే

2024 వర్షాకాలం. విజయనగరంలో ఒక మందుల షాపు మీది గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. భోగాపురంలో ఎయిర్‌పోర్టు కడుతున్నారు కనుక ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది చేరారు. నా భార్య పోయి అప్పటికి ఏడాది. క్లాసులో ఎవరికీ చెప్పలేదు.

నూకరత్నం భోగాపురం దగ్గర సముద్రపుటొడ్డు పల్లె నుంచి వచ్చేది. డిగ్రీ అయింది. రాబోయే ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు సాయం చేసే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. అది రాకపోతే తల్లితో పాటు చేపల గంప ఎత్తడమే. తల్లి పైడమ్మ బజారులో చేపలమ్మి, ఖాళీ గంపతో మా గదికొచ్చి, క్లాసు అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చునేది.

ఇంటర్వ్యూల్లో కండిషనల్స్ బాగా పనికొస్తాయి. అంటే జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి మాట్లాడటం. మాట రేపటి గురించే అయినా ఇంగ్లీషులో క్రియను పాస్ట్ టెన్స్‌లో పెడతారు. ఒకరోజు నూకరత్నాన్ని లేపి, “ఇఫ్ యువర్ బోట్ సాంక్, వాట్ వుడ్ యూ డూ?” అన్నాను. అందరికీ అర్థం కావాలని తెలుగులోనూ అడిగాను: మీ పడవ మునిగితే ఏం చేస్తావు?

వెనక బెంచీలో తల్లి లేచి నిలబడింది.

“ఏటి మాస్టారూ! దీని బాబు ఏటకెల్లి సముద్రం మీదున్నాడు. పడవ ములిగిపోతాదంటావేటి?”

వేటకెళ్లిన మనిషి ఒడ్డు చేరేదాకా ఆ ఇళ్లలో అలాంటి మాట ఎవరూ అనరు. నాకది తెలియదు.

“నిజంగా కాదమ్మా. ఉత్త ఊహ. జరగనిది.”

“జరగందైతే సెప్పడమెందుకు?”

దానికి జవాబు నా దగ్గరున్న గ్రామర్ పుస్తకాల్లో లేదు.

“పోనీ నా పడవ అనుకుందామంటే నాకు పడవ లేదు.”

“స్కూటరున్నాది గదా. దాన్ని ముంచు.”

ఆ రోజు నుంచి ఆపదలన్నీ నాకే. స్కూటరు చంపావతి నదిలో మునిగింది, పెట్రోలు బంకులో తగలబడింది. నా ఇల్లు కూలింది, నా కాలు విరిగింది. అంతవరకు నోరు విప్పనివాళ్లు కూడా ఎంతో ఉత్సాహంగా నన్ను ఆస్పత్రికి చేర్చారు. ముందు బెంచీ అమ్మాయి ఒకసారి, “మాస్టారి భార్యకు జబ్బు చేస్తే...” అని మొదలుపెట్టింది.

“ఒసే, ఆయమ్మ జోలికెల్లకు. ఈయన్నేటైనా సేసుకో!” అంది పైడమ్మ.

అందరూ నవ్వారు. నేను బోర్డు తుడిచాను.

ఇంటర్వ్యూ అయ్యాక నూకరత్నం నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

“ప్రయాణికుడు స్పృహ తప్పితే ఏటి సేస్తావన్నారు సార్. అలవాట్లో ‘ఇఫ్ మై టీచర్ ఫెయింటెడ్’ అనేశాను. మీ సారుకి ఒంట్లో బాగోదా అన్నారు. బాగానే ఉన్నారు, రోజూ మేమే ఏదోటి సేస్తాం అన్నాను.”

వాళ్లు నవ్వారట. దాంతో భయం పోయి, నన్ను పడుకోబెట్టి, జనాన్ని పక్కకు జరిపి, డాక్టరును పిలిచేదాకా ఆగకుండా ఇంగ్లీషులో చెప్పిందట. ఉద్యోగం వచ్చింది.

మర్నాడు పైడమ్మ గంపలో వంజరం చేప తెచ్చింది. “అమ్మగారికియ్యి. పులుసెట్టమను.”

చెయ్యి చాపలేకపోయాను. “ఆవిడ లేదమ్మా. పోయి ఏడాది దాటింది.”

పైడమ్మ గంప దించింది. “ముందే సెప్పొద్దేటి మాస్టారూ? నీ ఇల్లు అన్నిసార్లు కూలగొట్టించాను.”

తర్వాత, “పులుసెట్టడం నీకొచ్చా?” అంది.

“రాదు.”

“బోర్డు మీద రాసుకో.”

కడుగు, ఉప్పు పట్టించు, చింతపండు నానబెట్టు, గరిటె పెట్టి కెలక్కు. ఇంగ్లీషులో వీటిని ఇంపరేటివ్స్ అంటాం, ఆజ్ఞలు. ఆమె చెబుతుంటే రాసుకున్నాను. పులుసు పరవాలేదు.

ఊహకైనా ఒకరి ఇంటిని వాడుకునే ముందు ఆ ఇంట్లో సంగతి అడగాలని పైడమ్మ దగ్గర నేర్చుకున్నాను. మన సంగతి కూడా చెప్పాలని. ఇప్పుడు కొత్త బ్యాచ్ చేరితే మొదటిరోజే అడుగుతాను, ఇంట్లో ఎవరైనా వేటకెళ్లారా అని. నా గురించీ చెబుతాను: భార్య లేదు, స్కూటరుంది. ఏం చేసినా దాన్నే చెయ్యండి.