హనీమూన్‌లో నల్లా లైను

ఆ రోజుల్లో ముంబయిలోని మా కామాఠిపురా చాల్‌లో (గదికో సంసారం ఉండే పాత మేడ అది) ఊరికి పోవడమంటే ఒకటే అర్థం: మూటలు కట్టుకుని పాలమూరు బస్సెక్కడం. పెళ్లికో చావుకో జాతరకో తప్ప, మనిషన్నవాడు ఏ పనీ లేకుండా తెలియని చోటికి పోయి, తిని, పడుకుని, తిరిగి రావచ్చన్న సంగతి మా అంతస్తులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. చెప్పినవాడు ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. అతణ్ణి అందరం టూరిస్టు అని పిలిచేవాళ్లం (తానెప్పుడూ థానే దాటి పోయింది లేదు గానీ, ఎవరెక్కడికి పోవాలో ఫోన్‌లో చూసి చెప్పడంలో ఘనుడు). వరసగా మూడు రోజులు సెలవొస్తే ఒక రోజు సిటీ, ఒక రోజు పల్లె, ఒక రోజు ఇల్లు, అలా సమానంగా పంచుకుంటేనే బతుకు బాగుంటుందని అతని సిద్ధాంతం. కొత్తగా పెళ్లయినవాణ్ణి కదా, సిద్ధాంతం నాకు తెగ నచ్చేసింది.

నచ్చడానికి కారణం ఉంది. మాది ఒక్క గది. అందులో అమ్మ, నాయిన, నాయనమ్మ, నేను, పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన మా ఆవిడ. మాకూ వాళ్లకూ మధ్య నాయనమ్మ పాత చీరతో కట్టిన పరదా. పరదాకు ఇవతల నేను దగ్గితే అవతలి నుంచి "మందేస్కో బిడ్డా" అని వినిపించేది. ఇక గుసగుసల సంగతి చెప్పాలా! పెళ్లయి నెలలు గడుస్తున్నా మా ఆవిడ నాతో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడిన పాపాన పోలేదు. అన్నం తిన్నావా అంటే "ఊ". ఒంట్లో బాగాలేదా అంటే "ఉహూ". నేనంటే అసలు ఇష్టమే లేదేమో, పెద్దవాళ్ల మాట కాదనలేక చేసుకుందేమో అని లోపల ఒకటే దిగులు. పరదా లేని చోటికి తీసుకుపోతే నోరు విప్పుతుందని నా ఆశ. అందుకే పుణెలో ఒక రోజు, కర్జత్ అవతల కొండ కింద తోటలో ఒక రోజు అని ఏర్పాటు చేసి, ఇంట్లో చెప్పాను.

"ఏందీ? పిల్లను తీస్కొని ఒక్కడివే పోతవా?" అంది అమ్మ. "కొత్త జాగల బుఖార్ గిట్ల వస్తే ఎవరు చూస్తరురా?" ఇద్దరం పోతుంటే ఒక్కణ్ణే ఎలా అవుతానో నాకు అర్థం కాలేదు గానీ, నేను ఆలోచించేలోపే నాయనమ్మ వక్కాకు సంచీ బొడ్లో దోపుకుని చెప్పుల కోసం వెతుకుతోంది. నాయిన మాత్రం "నేను రాను, నాకేం పని ఆడ" అన్నాడు. మర్నాడు అందరికంటే ముందు స్వెటర్ వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డది ఆయనే. మా ఆవిడ వైపు చూశాను. ఆమె "ఊ" అని కూడా అనలేదు, తల వంచుకుని నవ్వుకుంది. ఆ నవ్వు నా మీదేనని అప్పుడు తెలియలేదు.

పుణె సంగతి ఎక్కువ చెప్పను. రోజంతా తిరిగాం. నాయనమ్మ ఒక చౌరస్తాలో అరుగు మీద చతికిలబడి, అటూ ఇటూ చూసి, "మన చాల్ కాడి ఫాక్‌లాండ్ రోడ్ లెక్కనే ఉంది గదరా. జరంత ఖాళీ ఉంది, గంతే" అని తీర్పు చెప్పేసింది. సాయంత్రానికి తోటకు చేరాం. అబ్బ, ఎంత బాగుందో! చుట్టూ వరిచేలు, పైన కొండ, పెంకుటింటి గదులు, వరండాలో పూలు తేలుతున్న పెద్ద ఇత్తడి గంగాళం. తోట నడిపే మరాఠీ ఆవిడను అందరూ మావుషీ (పిన్ని) అంటున్నారు. ఆ మావుషీ చల్లని తల్లి, మా ఇద్దరికీ చివరి గది వేరుగా ఇచ్చింది. పరదా లేదు, గోడ ఉంది! పొద్దున్నే ఇద్దరం చేల గట్ల మీద నడుస్తూ మాట్లాడుకోవాలని గట్టిగా నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకుని, బస్సు ప్రయాణపు అలసటేమో, గుర్రుపెట్టి నిద్రపోయాను.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. పక్కన మనిషి లేదు. బయట దబదబమని నీళ్ల చప్పుడు. పరుగున వెళ్లి చూద్దును కదా, అమ్మ, మా ఆవిడ కొంగులు బిగించి నీళ్లు పడుతున్నారు! బకెట్లు నిండాయి, టబ్బులు నిండాయి, వంటింట్లోని డేగిసాలు నిండాయి. గంగాళంలో పూలు తీసి అవతల పారేసి, శుభ్రంగా తోమి, దాన్నీ నింపేశారు. నాయనమ్మ ఫ్లాస్కు పట్టుకుని తన వంతు కోసం చూస్తోంది. "అమ్మా, ఏంటిది?" అన్నాను. "నల్లా బందయితది, జల్ది జల్ది!" అంది అమ్మ, నావైపు చూడకుండానే. చాల్‌లో వరండా చివరి నల్లా పొద్దుపొడవకముందే కాసేపు వచ్చి ఆగిపోతుంది. జన్మంతా ఆ వేళకు లేచిన మనిషి కొండ కింద మాత్రం ఎలా పడుకుంటుంది?

అమ్మ అన్నట్టే నల్లా బంద్ అయింది. అవదూ మరి, పెరట్లో దిమ్మె మీది ట్యాంకు మొత్తం కిందికి దిగిపోయాక! మోటారు వేద్దామంటే కరెంటు లేదు. మావుషీ వచ్చి "అరే దేవా! టాకీ రికామీ!" అని, ట్యాంకు ఖాళీ అయిపోయిందంటూ నెత్తిన చేతులు పెట్టుకుంది. మిగతా గదుల వాళ్లు ఒక్కొక్కరే నోటినిండా పేస్టు నురగతో బయటికొచ్చారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం ఏమాత్రం తొణక్కుండా గంగాళం పక్కన చెంబుతో నిలబడి, "లైన్ మే ఆవ్! సబ్‌కో మిలేగా!" అని కేకేసింది. టూరిస్టులంతా బకెట్లు పట్టుకుని బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఇంతలో నిక్కరేసుకున్న భారీ మనిషి ఒకాయన పక్కనుంచి ముందుకు దూరబోయాడు.

"ఓ అన్నా! ఎన్కకెల్లొచ్చి ముందట ఎట్ల దూరుతవు? గింతమంది నిలవడ్డరు, కండ్లు కనవడ్తలేవా? నడువు, లైన్ల నిలవడు!"

ఆ గొంతు మా ఆవిడది. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా అంతా అర్థమైపోయి వెనక్కి పోయి నిలబడ్డాడు. ఇంత మాట, ఇంత గొంతు, ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందీమె!

గొడవ సద్దుమణిగాక, కరెంటు కోసం ఎదురుచూస్తూ ఇద్దరం బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. "నీకు మాటలొస్తాయా?" అన్నాను. ఫక్కున నవ్వింది. "రోజు నల్లా కాడ మస్తు ముచ్చట్లు పెడ్త. నేను మాట్లాడే యాళ్లకు మీరు గుర్రుపెడ్తరు. మీరు లేచి మాట్లాడే యాళ్లకు ఇల్లంత వింటది. నేనేం జెయ్యాలె?" అంది. ఇక ఆగలేదు. వాళ్ల ఊరి సంగతి, చాల్‌లో ఎవరి బకెట్‌కు ఎవరు కాలడ్డం పెడతారో ఆ సంగతి, పెళ్లిచూపుల్లో నా చొక్కా గుండీ ఊడిపోయి ఉండటం చూసి నవ్వాపుకున్న సంగతి. ఆ గుండీ చూసే ఒప్పుకుందట. చేల గట్ల మీద నడక లేదు, ఏమీ లేదు. నా ప్రాణం మాత్రం హాయిగా కుదుటపడింది.

మూడో రోజు ఇల్లు. నల్లా వేళకు నేను కూడా లేచి బకెట్ అందుకున్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కడుపు నొస్తున్నదారా?" అంది. లేదన్నాను. నన్నూ మా ఆవిడనూ మార్చి మార్చి చూసింది. తన చేతిలోని బిందె కింద పెట్టేసింది. "నాకు నడుం నొస్తున్నది. ఇగ రేపటికెల్లి నల్లా మీరే చూస్కోండ్రి" అని గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మకు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నడుంనొప్పి వచ్చింది లేదు.

ఇప్పుడు మేం ఉండే ఫ్లాట్‌లో రాత్రీపగలూ నీళ్లే. అమ్మ పక్క గదిలో, తలుపు వేసుకుని హాయిగా నిద్రపోతుంది. సెలవులొస్తే మా అమ్మాయి సిటీ, పల్లె, ఇల్లు అని ఫోన్‌లో చకచకా ఏర్పాట్లు చేసేస్తుంది (టూరిస్టు వారసురాలు!). పరదా చాటున దిగులుపడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఒక్కసారి తెల్లవారుజామున లేచుంటే సరిపోయేది వెధవకి! ఈ రోజు కూడా, అవసరం లేకపోయినా, చీకటితోనే బకెట్‌లో నీళ్లు పడుతున్న చప్పుడైంది. బద్ధకంగా అటు తిరిగి పడుకోబోతున్నాను.

"లేస్తరా, నేనొక్కదాన్నే మాట్లాడుకోవాల్నా?" అంది మా ఆవిడ.

లేచాను.