పిస్టల్ పాఠం చెప్పడం నేర్చుకోవడానికి గేల్స్‌బర్గ్ వెళ్ళాను

సెప్టెంబరు చివరి వారం, శుక్రవారం ఉదయం ఐదు ముప్పావుకి మా ఆయన నన్ను షామ్‌బర్గ్ స్టేషన్‌లో దింపారు. ఒక చిన్న సూట్‌కేసు, చేతిసంచిలో నాలుగు చపాతీలు, బంగాళాదుంప వేపుడు, చెవులు మూసుకునే మఫ్‌లు. "పిస్టల్ మర్చిపోలేదుగా?" అని నవ్వారాయన. పిస్టల్ నా దగ్గర లేనేలేదు. క్లాసు నడిపే ఆయనే అక్కడ ఇస్తానన్నారు కాబట్టి రైల్లో ఆ బెడద లేదు.

నేను మత్తు డాక్టర్‌ని. ముప్పై రెండేళ్ళు ఆపరేషన్ థియేటర్లలో పనిచేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. ప్రభాకర్ గారి వంటింట్లో గడిపిన ఒక ఆదివారం దాకా నాకూ తుపాకులకూ ఏ సంబంధమూ లేదు.

ప్రభాకర్ గారు, సుజాత మాకు ఇరవై ఏళ్ళుగా స్నేహితులు. వాళ్ళ వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డాక ఆయన పిస్టల్ కొన్నారు. మాకు చూపించాలని వంటింట్లోకి తెచ్చారు. "భయపడకండి, ఖాళీదే" అంటూ గుండ్లుండే మ్యాగజైన్ తీసి బల్లమీద పెట్టారు. ఏదో చెబుతూ చెబుతూ ట్రిగ్గర్ నొక్కారు. మ్యాగజైన్ తీసినా గొట్టంలో ఒక గుండు మిగిలి ఉండొచ్చని ఆయనకు తెలియదు. అది సుజాత కాళ్ళకు రెండడుగుల అవతల ఉన్న బియ్యం బస్తాలో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత సుజాత, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళం ఒక బేసిక్ క్లాసుకు వెళ్ళాం. క్లాసులో మావాళ్ళు అన్నిటికీ తలలూపారు. బయటికొచ్చి కారెక్కగానే సుజాత, "నాకు సగం అర్థం కాలేదే. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నా" అంది. మిగతా ఇద్దరిదీ అదే పరిస్థితి. "వసుంధరా, నువ్వే నేర్పడానికి సర్టిఫికెట్ తెచ్చుకుని మాకు తెలుగులో చెప్పరాదూ?" అంది సుజాత. అదీ ఈ ప్రయాణానికి కారణం.

ఆరు దాటాక వచ్చిన లోకల్ రైలు ఏడు కాకుండానే చికాగో చేర్చింది. గేల్స్‌బర్గ్ రైలు ఏడూ నలభైకి. టికెట్ ముందే బుక్ చేసుకుంటే ముప్పై డాలర్ల లోపే దొరుకుతుంది. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటాక రెండు వైపులా ఎండి గోధుమరంగుకు తిరిగిన మొక్కజొన్న చేలు, మధ్యలో ధాన్యం నిలవచేసే ఎత్తైన ఇనుప గాదెలు.

చపాతీ డబ్బా తెరవగానే పక్క సీట్లో అమ్మాయి తల తిప్పింది. "ఆంటీ, మీరు తెలుగేనా?" వరంగల్ పిల్ల, ఇదే రైలు దారిలో ముందున్న మెకోంబ్‌లో మాస్టర్స్ చదువుతోంది. రెండు చపాతీలు ఆమెకిచ్చాను. నేను వెళ్ళే పని చెబితే నోరు తెరిచింది.

"గన్ క్లాస్ చెప్తరా మీరు? మా అమ్మకు చెప్తే అస్సలు నమ్మది! నేను గూడ రావచ్చా ఆంటీ మీ క్లాస్‌కి?"

"ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కదమ్మా. ముందు లాయర్‌ని అడుగు. అడక్కుండా తుపాకీ ముట్టుకోవద్దు" అన్నాను. ఇది చదివి వెళ్ళాలనుకునే వాళ్ళకూ అదే చెబుతున్నాను. ఇల్లినాయ్‌లో ఉండేవాళ్ళు తుపాకీ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే కార్డు చేతికొచ్చాకే క్లాసుకు పేరివ్వాలి.

పదీ ఇరవైకి గేల్స్‌బర్గ్‌లో దిగాను. క్లాసు నడిపే ఆయన ముందే చెప్పడంతో నన్ను తీసుకెళ్ళడానికి డెబ్ అనే ఆవిడ పికప్ ట్రక్కుతో వచ్చింది. ఆమె కూడా క్లాసులో విద్యార్థే. నా వయసే ఉంటుంది, కోళ్ళు పెంచుతుంది. "డాక్టర్, కాలు జాగ్రత్త. కింద గుడ్ల ట్రేలున్నాయి" అన్నది ఆమె నాతో చెప్పిన మొదటి మాట.

క్లబ్ ఊరికి పన్నెండు మైళ్ళ దూరంలో, చేల మధ్య ఉంది. ఒక రేకుల షెడ్డు, దాని వెనక మట్టికట్ట వైపు కాల్చే స్థలం. విద్యార్థులం ఐదుగురం. నేర్పేది వాల్ట్. డెబ్బై దాటినాయన, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. గొంతు పెంచడు, నవ్వడు. ఆ మధ్యాహ్నమే గురి పరీక్ష. పదిహేను గజాల నుంచి ఇరవై గుండ్లు కాల్చాలి, పదహారైనా అరచేయంత జాగాలో పడాలి. నావి పదిహేడు పడ్డాయి. ఐవీ సూదులు గుచ్చిన చెయ్యి కదా, ఇక అంతా తేలికే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆ ధీమా పోయింది. ఒక్కొక్కరూ లేచి మిగతావాళ్ళకు పాఠం చెప్పాలి. చేతిలో నారింజరంగు ప్లాస్టిక్ పిస్టల్. నా వంతు రాగానే, మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదని చెప్పడం మొదలుపెట్టాను. నాకు బాగా తెలిసిన సంగతి, ఉత్సాహంగా చెబుతున్నాను.

"ఆపండి" అన్నాడు వాల్ట్.

ఆగాను.

"డాక్టర్, మీ చేతిలో పిస్టల్ ఎటు చూస్తోంది?"

చూసుకున్నాను. డెబ్ గుండెకు సూటిగా ఉంది. మాటలతోపాటు చేతులు తిప్పుతూ ముందు వరసలో అందరి మీదుగా దాన్ని తిప్పేశాను. వాల్ట్ వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుని బల్లమీద పెట్టాడు. "ఇది ప్లాస్టిక్కే. కానీ మీ దగ్గర నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉండేది ప్లాస్టిక్ కాదు. రేపు ఉదయం ఇంకొక్క అవకాశం ఇస్తాను. మళ్ళీ ఇదే జరిగితే సర్టిఫికెట్ ఇవ్వలేను."

వెళ్ళి కూర్చున్నాను. ప్రభాకర్ గారిని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. ఆయన చేసిందీ నేను చేసిందీ ఒకటే.

నాలుగున్నరకు మోటెల్ గదికి చేరి మా ఆయనకు ఫోన్ చేశాను. "సాయంత్రం ట్రెయిన్ ఉంది, వచ్చేస్తాను. ఈ వయసులో నాకెందుకండీ ఇదంతా?" అన్నాను.

"ఇప్పుడు నీ రెండో చెయ్యి ఏం చేస్తోంది?" అని అడిగారాయన.

చూస్తే గాలిలో తిరుగుతోంది. ఏడుపొస్తున్న దాన్నల్లా నవ్వేశాను. "నలభై ఏళ్ళుగా చూస్తున్నా. చేతులు కట్టేస్తే నీకు మాట రాదు. ఆ సంగతేదో చూసుకుని రా. ట్రెయిన్ రేపు కూడా ఉంటుంది" అన్నారు.

అంతలో తలుపు చప్పుడు. డెబ్. "నా గుండెకు గురిపెట్టిన మనిషిని భోజనానికి పిలవడం నాకిదే మొదటిసారి. పద" అంది.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. భోజనం కంటే ముందు పెరట్లోకి తీసుకెళ్ళింది. మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం నా చేతికిచ్చింది. దాని చివర పిస్టల్‌లాగే పిడి, ట్రిగ్గర్. నీళ్ళు ఆగకుండా పడేలా ట్రిగ్గర్‌ని బిగించి, తను రెయిన్‌కోటు వేసుకుని నా ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "ఇప్పుడు పాఠం చెప్పు."

మొదటి నిమిషంలోనే ఆమెను తడిపేశాను. రెండోసారీ తడిపాను. మూడోసారి ఆమె కళ్ళజోడు మీదే పడింది. చేతులు బిగబట్టుకుని చెప్పాలని చూస్తే మాటలు తడబడ్డాయి, చివరికి నా చెప్పులే తడిశాయి.

"నువ్వు చేతులాపలేవు. ఆపొద్దు కూడా, నువ్వు చేతులతో చెబితేనే నాకు బాగా అర్థమవుతోంది. ఇంకేదన్నా ఆలోచించు" అంది డెబ్, కళ్ళజోడు తుడుచుకుంటూ.

అప్పుడు తోచింది. గొట్టాన్ని కంచె వైపు తిప్పి నేలమీద పెట్టాను. ఖాళీ చేతులతో చెప్పాల్సిందంతా చెప్పాను. తర్వాత నోరు మూసుకుని గొట్టం తీసుకున్నాను, చెప్పింది చేసి చూపించాను, మళ్ళీ కింద పెట్టాను. మాట్లాడేటప్పుడు పట్టుకోను, పట్టుకున్నప్పుడు మాట్లాడను. అలా నాలుగుసార్లు చేశాను. డెబ్ మీద ఒక్క చుక్క పడలేదు. ఆ తర్వాత ఆమె చేసిన చీజ్ శాండ్‌విచ్, టొమాటో సూప్ తిన్నంత ఆకలిగా నేను ఈమధ్య ఏదీ తినలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి నన్నే ముందు పిలిచాడు వాల్ట్. పిస్టల్ గోడ వైపు చూసేలా బల్లమీద పెట్టి మొదలుపెట్టాను. మాట, ఆపడం, చేత, ఆపడం. పావుగంట. వాల్ట్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను కూర్చోబోతుంటే అడిగాడు, "ఈ పద్ధతి నా క్లాసుల్లో వాడుకోవచ్చా? మీ పేరు చెప్పే వాడతాను. వా-సుం-డరా. సరిగ్గా అన్నానా?"

సరిగ్గా అనలేదు. మూడుసార్లు అనిపించి సరిచేశాను. అప్పుడు నవ్వాడు, మూడు రోజుల్లో మొదటిసారి. మధ్యాహ్నం రాత పరీక్ష అయింది, ఐదుగురమూ పాసయ్యాం. ఆ రాత్రికి మోటెల్‌లోనే ఉండిపోయాను. గదికి రోజుకు డెబ్బై ఎనిమిది డాలర్లు, శుభ్రంగా ఉంది, పొద్దున కాఫీ కూడా ఇస్తారు.

సోమవారం ఉదయం డెబ్ స్టేషన్‌లో దింపింది. ఏడున్నర దాటాక రైలు కదిలింది. పరీక్ష అయ్యాక వాల్ట్ ఇచ్చిన కవరు విప్పాను. సర్టిఫికెట్ వెనక మడిచిన కాగితం ఒకటి ఉంది, పెన్సిల్‌తో రెండు వైపులా రాసింది. మూడు రోజుల్లో నా పొరపాట్లన్నీ వరసగా ఉన్నాయి. 'ప్రతి వాక్యం చివర ఓకేనా అని అడుగుతారు, కానీ జవాబు కోసం ఆగరు. ఎడమవైపు కూర్చున్నవాళ్ళను చూడరు. మీకు తెలిసిన విషయం వస్తే వేగం పెరుగుతుంది, అక్కడే ప్రమాదం.' అలా పదకొండు.

కివానీ, ప్రిన్స్‌టన్ స్టేషన్లు దాటేదాకా అదే చదువుతూ కూర్చున్నాను. ఆస్పత్రిలో పెద్ద డాక్టర్‌నయ్యాక నన్ను ఆపమన్నవాళ్ళు లేరు. రిటైరయ్యాక మర్యాద ఇంకా పెరిగింది. పార్టీల్లో నేనేం చెప్పినా తలలూపుతారు. అలాంటిది, ముఖపరిచయం లేని ఒక మనిషి నలుగురి ముందు నన్ను ఆపాడు, ఇంకో మనిషి అదే సాయంత్రం నా కోసం నీళ్ళలో తడిసింది. వాళ్ళు నన్ను గౌరవించిన తీరు అది.

పదిన్నరకు చికాగోలో దిగితే మా ఆయన ప్లాట్‌ఫారం బయట ఎదురుచూస్తున్నారు. "ఏదీ, సర్టిఫికెట్ చూపించు" అన్నారు.

నేను ముందు ఆ పెన్సిల్ కాగితం ఆయన చేతిలో పెట్టాను.